వాయిదా రోజు తాలింపు

ఆ రోజు పొద్దున చిన్నాయన మా ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గడపలోనే నిలబడి తన ఫోను నా ముందుకు చాపాడు.

"పాపా, ఇది సూడు. ఎవడో కత రాసినాడంట. మన ఇంటి మీదేనని అవతలి పార్టీ నా కొడుకులు గ్రూపుల్లో తిప్పుతాండారు. సాయంత్రానికల్లా మనం గట్టిగా ఒకటి కొట్టాల."

చూశాను. అది నా కథే.

రాజుపాలెం దగ్గరి మా ఊళ్లో పార్టీ పనులన్నీ చిన్నాయనే చూస్తాడు. ఫోనులో పార్టీ గ్రూపు ఆయనదే, కానీ తెలుగులో టైపు చేయడం ఆయనకు రాదు. పుట్టినరోజు శుభాకాంక్షలు, సంతాపాలు, అవతలి వాళ్ల మీద సవాళ్లు అన్నీ ఆయన నోటితో చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని. తిట్లు వచ్చిన చోట కొంచెం తగ్గించేదాన్ని. "ఏందిమే, ఇంత సప్పగా రాసినావు?" అని విసుక్కునేవాడు కానీ మళ్లీ నా దగ్గరికే వచ్చేవాడు.

టైపింగు నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదివే రోజుల్లో నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు పడే కీబోర్డు ఒకటి ఊరికే దొరుకుతుందని తెలిసిన రోజు బస్సు దిగాల్సిన చోటు దాటిపోయాను. ఆ తర్వాత ఒక్కొక్కటే దొరికాయి. ఎవరెవరో ఓపికగా నెట్‌లోకి ఎక్కించిన పాత నిఘంటువులు. అచ్చులో లేని పుస్తకాలు, ఏదో గ్రంథాలయం ముద్రతో, చెదలు తిన్న అంచులతో సహా. రాసింది రాసినట్టు దానంతట అదే దాచుకునే, ఫోనులోనే తెల్ల కాగితం లాంటిది ఒకటి. ఫోను చార్జింగు అయిపోయినా వాక్యం పోదు. అంతకుముందు డైరీ రాసేదాన్ని. ఎవరైనా తలుపు తోస్తే దాని మీద దిండు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఫోనుకు దిండు అక్కర్లేదు. ఇంట్లో అందరూ ఎదురుగా ఉండగానే రాసుకోవచ్చు. స్నేహితురాలితో మాట్లాడుతున్నానని అనుకునేవాళ్లు.

కథలు ఉచితంగా పెట్టుకునే సైటు ఒకటుంది. అక్కడ కలం పేరు అడుగుతారు, అసలు పేరు అడగరు. మగపేరు ఒకటి పెట్టుకున్నాను. కథలో చెప్పేవాణ్ణి కూడా పిల్లవాణ్ణి చేశాను. ఊరు మార్చాను, కోర్టును జమ్మలమడుగు నుంచి వేరే చోటికి జరిపాను, జీపుల రంగు మార్చాను. ఇంక ఎవరికీ దొరకననుకున్నాను.

కథలో ఉన్నదంతా వాయిదా రోజే. నా చిన్నతనంలో కేసు వాయిదాకు మగవాళ్లు మూడు జీపుల్లో కోర్టుకు పోయేవాళ్లు. ఇంట్లో మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, పప్పు ఉడికించి పెట్టేది కానీ తాలింపు వేసేది కాదు. మూడు జీపులూ వాకిట్లోకి వచ్చాకే నూనె కాచేది. ఆవాలు చిటపటమంటే అందరూ వచ్చినట్టు. ఒక వాయిదా రోజు రెండు జీపులే వచ్చాయి. మూడోదాన్ని దారిలో అవతలి వాళ్లు కాపు కాసి అడ్డుకున్నారు. పెద్దనాయన రాలేదు. నా కథలో జేజి ఆ పప్పును గిన్నెతో తీసుకుపోయి గొడ్ల కుడితి తొట్టిలో పోసింది. అక్కడితో ఆపేశాను.

చిన్నాయన పోయాక ఇంట్లో కాలు నిలవలేదు. వాకిలి ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాను. సైటు తెరిచి 'తొలగించు' అన్న మాట మీద వేలు పెట్టి తీశాను. కథ కింద పులివెందుల నుంచి ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి రాసి ఉంది: "వాయిదా రోజుల్లో మా అమ్మ మిద్దె మీద నిలబడేది. ఇన్నాళ్లకు ఎవరో రాశారు." నేను రాసినదాన్ని చదివి ఒక మనిషి తిరిగి రాయడం అదే మొదలు. కథ తీసేస్తే ఆ మాట కూడా పోతుంది.

అమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఏమీ ఎరగనట్టు అడిగాను.

"అమ్మా, మీ పుట్టింట్లో గూడా వాయిదా రోజు తాలింపు పెట్టరు గదా?"

"యాడా లేదు. అది మీ జేజి ఒక్కదాని చాదస్తం. మా ఊళ్లో చెప్తే నవ్వేవాళ్లు. ఏం, ఇప్పుడెందుకు?"

"ఊరికే."

కేసులున్న ఇళ్లన్నింటా అంతేననుకున్నాను. అందుకే అన్నీ మార్చి అదొక్కటి మార్చలేదు. మా ఇంటి గుర్తును నడివీధిలో పెట్టి, మగపేరు వెనక దాక్కున్నాను.

సాయంత్రం చిన్నాయన వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఈసారి చెప్పులు విప్పాడు.

"మధ్యాన్నం కూసోని మొత్తం సదివినా," అన్నాడు. "పొద్దున మొదలు సూసి వదిలేసినా."

నేను ఫోను పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను. "చెప్పు చిన్నాయనా, కొడతా."

ఆయన వంటింట్లో ఉన్న అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"రాసినోడు శానా బాగా రాసినాడు. కానీ వానికి కత కడాకు ఏమైందో తెలీదు. ఆ పొద్దు వాడు చిన్నపిల్లోడు. నిద్రపోయినాడేమో."

నేను ఫోను పక్కన పెట్టాను.

"పప్పు కుడితిలో పొయ్యలేదు మా యమ్మ. నేను మూడో జీపులో ఉన్యా. మా యన్నను ఆడనే ఇడిసిపెట్టి, అడ్డదారిన చేన్లెంబడి నడిచి ఎనక తలుపున వచ్చినా. మొగం మీద నెత్తురు గూడా కడుక్కోలేదు. మా యమ్మ నన్ను సూసి ఏం అడగలా. పొయ్యి అంటించి నూనె పెట్టింది. ఆవాలేసింది. ముందర వాకిటి నిండా ఏడుపులు, వంటింట్లో మేం ముగ్గురమే. 'ఇప్పుడు తాలింపేందత్తా' అనింది మీ యమ్మ. 'బతికొచ్చినోడు సప్పిడి తినగూడదు' అనింది. నాకు ఒక్కనికే పెట్టి, తినేదాకా ఎదురుగా కూసునింది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నేను అడగదలచుకున్నవి చాలా ఉన్నాయి. "గ్రూపులో ఏం పెట్టమంటావు?" అని మాత్రం అడిగాను.

"ఏం వద్దులే." లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. "ఆ రాసినోడు నీకు ఎప్పుడన్నా కనపడితే కడాకు మార్చమను. మా యమ్మ పప్పు పారబోసే మనిషి గాదు."

ఆయన బండి చప్పుడు వీధి మలుపు తిరిగాక కథ తెరిచాను. కుడితి తొట్టి వాక్యాలు చెరిపాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయబోయాను. చేన్లెంబడి నడిచి వచ్చినవాడి గురించి, ఎదురుగా కూర్చున్న తల్లి గురించి. సగంలో వేలు ఆగింది. ఈ సంగతి జేజికి, అమ్మకు, ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. జేజి లేదు. ముగింపు మారితే చదివినవాళ్లు రాసినవాణ్ణి వెతకరు, చెప్పినవాణ్ణి వెతుకుతారు. అది ఆయనకు తెలియకుండా ఉంటుందా? అన్నను అక్కడే వదిలి వచ్చానన్న మాట ఊళ్లో ఎన్నడూ అనని మనిషి.

లేచి వాకిట్లోకి పోయాను. వచ్చాను. అమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఆ పొద్దు ఎండుమిరపకాయలు మాడిపోయినాయి," అంది. "అది గూడా రాయి."

రాశాను. 'ప్రచురించు' అన్న మాట మీద నొక్కాను.

మర్నాడు గ్రూపులో ఎవడో పెట్టాడు: "కత కడాకు మారింది సూసినారా? ఇది ఎవరో మనోడే చెప్పినాడు. ఎవడో తేలాల."

కింద వరసగా 'సరే' అంటూ బొటనవేళ్లు లేచాయి. చిన్నాయన చదివినట్టు గుర్తు పడింది. ఆయన ఏదో చెప్పి కొట్టమంటాడని రోజంతా ఫోను ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. ఆయన పిలవలేదు. పొద్దు వాలాక తెలుగు కొట్టడం రాని ఆయన తన చేత్తోనే ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే నొక్కి గ్రూపులో ఒక మాట పెట్టాడు.

"నేనే."