తాత తల ఆనించిన గోడ

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నేను కొండ అంటే మీరు గుట్ట అనుకోండి, గుట్ట అంటే గులకరాయి అనుకోండి. మా ఇంట్లోవాళ్ళు ఇన్నేళ్ళుగా అలాగే సర్దుకుని వింటున్నారు.

రెంటచింతలలో మా ఇంటి సావిడి గోడంత పొడుగు గోడ చైనాలో తప్ప ఇంకెక్కడా లేదు. ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరివాళ్ళు మర్నాడు ‘చిరంజీవ’ అనేవారు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన మరుసటేడు వేసవిలో ఆ గోడకు సున్నం కొట్టించే పని మా నాన్న నాకు అప్పగించాడు. నాకు కొత్తగా పెళ్ళయింది. నెల తిరక్కుండా మా ఆవిడ కాపురానికి వస్తోంది. ఆమె కంట గోడమీది నల్లమచ్చ పడకూడదని నా పట్టుదల.

ఆ మచ్చ మా తాతది. ఆయన ముప్ఫై ఏళ్ళపాటు రోజూ తలకి ఆముదం దట్టించుకుని, అదే చోట తల ఆనించి కూర్చున్నాడు. తాత పోయి రెండేళ్ళయినా ఆముదం పోలేదు. ఆయనకు ఒక్క ఫొటో అయినా తీయించాలని ఎవరికీ తోచలేదు. మా నాయనమ్మకు మిగిలిన తాత ఆ మచ్చే. మధ్యాహ్నం అన్నాలయ్యాక దానికెదురుగా పీట వేసుకుని, వక్క దంచుకుంటూ, “ఇయ్యాల కందిపచ్చడిలో కారం చానా ఎక్కువైందయ్యా” అని కబుర్లు చెప్పేది. మచ్చ ఏనాడూ వంక పెట్టలేదు. బతికున్నప్పుడు తాత రోజూ పెట్టేవాడు.

“నాయనమ్మా, అది కప్పేస్తే నీకేమన్నా కష్టమా?” అని అడిగాను.

“నాకేందిరా? కోడలుపిల్ల వచ్చే ఇల్లు. కొట్టించుకోండి” అంది. పీట మాత్రం అంగుళం జరపలేదు.

ఇంతలో మా అక్కమొగుడు గుంటూరు నుంచి ఒక పంపు పట్టుకుని దిగాడు. బాంబులు పడితే మంటలార్పడానికని యుద్ధంలో పట్నాల్లో పంచిన చేతిపంపు అది. బాంబులు పడలేదు గనక మా మీద పడింది.

“కుంచెల కాలం పోయిందిరా బామ్మర్దీ! బకెట్లో సున్నం, చేతిలో గొట్టం. గంటలో గోడ పాలసముద్రం అయిపోద్ది” అన్నాడు.

ఊళ్ళో గోడలన్నిటికీ సున్నం కొట్టే సాయిబు మేస్త్రి అరుగుమీద కూర్చుని బీడీ వెలిగించాడు. మా నాయనమ్మను పెద్దమ్మా అనేవాడు, నేనాయన్ని బాబాయ్ అనేవాణ్ణి. “కానీండి అల్లుడుగారూ, మేమూ నేర్చుకుంటాం” అన్నాడు.

బావ పంపు కొట్టాడు. సున్నం దూలాల మీద పడింది, ఊరగాయ జాడీల మీద పడింది, గోడ మీద తప్ప అన్నిటి మీదా పడింది. గోడదాకా వెళ్ళిన నాలుగు చుక్కలూ మా ఊరి ఎండకు దారిలోనే ఆరి పొడై రాలాయి. పెరట్లో మా గేదె మూడు రోజులు ఆవుగా చలామణీ అయింది. అంతలో గొట్టంలో రవ్వ అడ్డుపడి పంపు కన్నుమూసింది.

“అల్లుడుగారూ, గేదెకు రెండో పూత కూడా ఎయ్యమంటారా?” అన్నాడు మేస్త్రి.

బావ ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి వచ్చి, సున్నం ముట్టుకోకుండా గోడనిండా నీళ్ళు చల్లాడు. “ముందు గోడ దాహం తీర్చాలబ్బాయ్. లేకపోతే మన సున్నంలో నీళ్ళు అది తాగేసిద్ది, మనకు పొడి మిగిలిద్ది.” సున్నాన్ని గుడ్డలో వడగట్టాడు. తుమ్మబంక కలిపాడు. నారకుంచెతో మొదటి పూత అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా వేశాడు. మూడు పూతలయ్యేసరికి ఆ తెలుపు చూసి మాచర్లలో కోళ్ళు తెల్లారిందనుకుని కూశాయి.

తెలుపు మధ్యలోంచి తాత మెల్లగా బయటికొచ్చాడు.

“నూనె మీద సున్నం నిలవదబ్బాయ్. గోడ మీది గచ్చుపూత గీకేసి కొత్తది పెట్టాల. ఇంకో దారి లేదు” అన్నాడు మేస్త్రి.

నాయనమ్మ ఆ మాట విని, “పొయ్యి మీద పప్పుంది” అంటూ పీట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి మంచినీళ్ళకని నేను వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యిలో నిప్పే లేదు. చల్లటి పొయ్యి ముందు పీట వేసుకుని, నాయనమ్మ ఊరికే కూర్చుని ఉంది. నేను తిరిగొచ్చి, “ఉండనీ బాబాయ్. మా ఆవిడకు తాతను చూపించాలిగా” అన్నాను. మేస్త్రి నీలిమందు కలిపి మచ్చ చుట్టూ పటం కట్టినట్టు సన్నటి గీత గీశాడు.

మా ఆవిడ వచ్చింది. అంత తెల్లటి గోడమీద ఆమె చూపు తిన్నగా వెళ్ళి మచ్చ మీదే ఆగింది.

“అదేంటి అమ్మమ్మగారూ?” అని నాయనమ్మను అడిగింది.

“మీ తాతగారే. దణ్ణం పెట్టు.”

కొత్తకోడలు కొంగు సర్దుకుని, ఆముదపు మచ్చకు వంగి దణ్ణం పెట్టింది. నాయనమ్మ మచ్చవైపు తిరిగి, “చూశావా? పిల్ల మంచిదేనయ్యా” అంది.

ఇక నా అబద్ధం సంగతి. గోడ, గేదె, కోళ్ళు అసలు అబద్ధాలే కావు, కాస్త సాగిన నిజాలు. నేను కల్పించింది ఒక్కటే. మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్ళింది నేను కాదు, మేస్త్రి. ‘ఉండనీ’ అన్నదీ నేను కాదు. ఆయన వచ్చేసరికి నేను తాపీ పట్టుకుని గీకడం మొదలుపెట్టాను. ఆయన నా మణికట్టు పట్టుకుని, “ఆగబ్బాయ్, పెద్దమ్మ ఆరిన పొయ్యి కాడ కూసోనుంది” అన్నాడు.

నేను గీకిన గీటు ఇంకా ఉంది, తాత ఎడమ చెవి ఉండాల్సిన చోట.