కార్యదర్శిగారి గొంతు, మందుల అంకుల్ చేతులు

నా చిన్నప్పుడు ఘాజియాబాద్‌ను ఢిల్లీవాళ్ళు ఊరి కింద కూడా జమకట్టేవారు కాదు. అంత చిన్న ఊళ్ళో చర్చికి కార్యదర్శి కావడమే మహా గొప్ప అనుకుని ఛాతీ విరుచుకు తిరిగే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. ఢిల్లీలో ఏదో సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. ఆదివారం హిందీ ఆరాధన ముగిశాక, మధ్యాహ్నం ఆ చర్చిని మా తెలుగు కుటుంబాలకు ఇచ్చేవారు. ఆ కాసేపూ ఆయనదే రాజ్యం. పాట ఆయనే ఎత్తుకోవాలి, ఇంకొకరు నోరు విప్పితే గుడ్లురిమి చూసేవారు. గొంతు పెద్దదే గాని, శ్రుతి అన్న మాట ఆ వంశంలో ఎవరూ విన్నట్టు లేదు.

పియానో వాయించేది మా వీధి చివర మందుల కొట్టు నడిపే అంకుల్. గుంటూరు దగ్గర పల్లె ఆయనది. చిన్నప్పుడు మిషన్ బడిలో ఒక దొరసాని దగ్గర పియానో నేర్చుకున్నారట. సైన్యంలో చేరి, గాయపడ్డవాళ్ళకు కట్లు కట్టే పని చేసి, సరిహద్దు యుద్ధంలో పక్కనే పేలిన గుండుకు ఎడమ చెవి పోగొట్టుకుని బయటికొచ్చారు. తర్వాత ఫార్మసీ చదివి, మా ఊళ్ళోనే కొట్టు పెట్టుకున్నారు. అందరికీ ఆయన మందుల అంకుల్. కార్యదర్శిగారికి మాత్రం కాంపౌండరు. ఆ మాటను ఉమ్మినట్టు అనేవారు. శనివారం సాయంత్రం అయ్యేసరికి, గొంతు పుక్కిలించే మందు కలిపి ఇమ్మని అదే కాంపౌండరు కొట్టుకు సిగ్గులేకుండా వచ్చేవారు. అంకుల్ ఓపిగ్గా కలిపి ఇచ్చేవారు.

అంకుల్ దగ్గర నేను పియానో నేర్చుకునేదాన్ని కాబట్టి, ఆ పాటల వెనక జరిగే భాగోతం నాకు బాగా తెలుసు. అంకుల్ ముందుగా శ్రుతి ఇచ్చేవారు. కార్యదర్శిగారు కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి, దానికి ఏమాత్రం సంబంధంలేని చోట ఎత్తుకునేవారు. పాదం ముగిసేలోపే అంకుల్ చేతులు పియానో మీద పక్క మెట్లకు జరిగి ఆయన్ను పట్టుకునేవి. చరణంలో ఆయన కిందికి జారితే ఈ చేతులూ జారేవి. మంచి చెవి పాడేవాళ్ళవైపు ఉండేలా పియానోను గోడ వారకు తిప్పి పెట్టుకున్నారు. వినేవాళ్ళకు పాట హాయిగా సాగినట్టే ఉండేది. బయటికొచ్చాక అందరూ కార్యదర్శిగారి గొంతును మెచ్చుకునేవారు, ఆయన తల పంకిస్తూ ఆ మెప్పంతా మూటగట్టుకునేవారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒక ఏడు ఆయన మేనల్లుడు ఢిల్లీ నుంచి దిగాడు. ఏవో నాలుగు పాటలు వాయించడం వచ్చు, జుట్టు దువ్వుకోవడం ఇంకా బాగా వచ్చు. అతన్ని పియానో ముందు కూర్చోబెట్టాలని కార్యదర్శిగారికి కోరిక పుట్టింది. క్రిస్మస్ ముందు ఆదివారం, పాటకు ముందు లేచి నిలబడి అందరి ఎదుటా అనేశారు.

"మన కాంపౌండర్ సాబ్‌కి చెవి లేదు కదండీ, అందుకే పాట గాడి తప్పుతోంది. పండగ నుంచి మా మేనల్లుడు వాయిస్తాడు. ఠీక్ హై?"

ఒక్కరూ కిక్కురుమనలేదు. ఎయిర్‌ఫోర్సులో పనిచేసే మా నాన్న కూడా తన బూట్లకేసి చూసుకుంటూ కూర్చున్నారు. అంకుల్‌కు భార్య పోయింది, పిల్లలు లేరు. ఆదివారం ఆ పియానో ముందు కూర్చోవడం కోసమే ఆయన వారమంతా బతుకుతారని అక్కడున్న అందరికీ తెలుసు. తెలిసీ మాట్లాడని ఆ భక్తులను చూస్తే నాకు ఆ వయసులోనే రోత పుట్టింది.

అంకుల్ ఎప్పటిలాగే శ్రుతి ఇచ్చారు. కార్యదర్శిగారు ఎప్పటిలాగే ఎక్కడో ఎత్తుకున్నారు. నేను అంకుల్ చేతులకేసి చూశాను. అవి పక్కకు జరగలేదు. లేచి, ఒళ్ళో చేరి కూర్చున్నాయి.

అప్పుడు వినాలి ఆ గొంతును! ఆసరా పోయేసరికి అది నానా చోట్లా తిరిగింది. ముందు వరసవాళ్ళు ఒక దారి, వెనక వరసవాళ్ళు ఒక దారి పట్టారు. చరణం మధ్యకు వచ్చేసరికి ఆయన ఎంత కిందికి జారారంటే నోట గాలి తప్ప పాట రాలేదు. ఒక్కసారిగా పైకి ఎగరబోయారు, గొంతు చీలింది. వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన కళ్ళు తెరిచారు, ఎత్తిన చెయ్యి దిగింది, తర్వాతి మాట మరిచిపోయారు. నాకైతే పండగ ఆ రోజే వచ్చినట్టుంది. ఇంకొక్క నిమిషం ఆగితే చాలు. గాడి తప్పేది ఎవరో అందరికీ తెలిసిపోయేది, అంకుల్ చోటు అంకుల్‌కే దక్కేది.

ఆ నిమిషం ఆగలేదాయన. చేతులు మళ్ళీ మెట్ల మీదికి వెళ్ళాయి. కార్యదర్శిగారు ఎక్కడ కూలబడ్డారో అక్కడే పట్టుకుని, మరిచిపోయిన మాట గుర్తొచ్చేలా ఆ వరుసను మెల్లగా వాయించి, మనిషిని లేపి నిలబెట్టి పాట చివరిదాకా నడిపించారు. ఆరాధన అయ్యాక ఆ మహానుభావుడు మెడ నిక్కించి ఏమన్నారో తెలుసా? పియానో మధ్యలో ఆగిపోయినా తాను పాటను నిలబెట్టానన్నారు. అచ్ఛా అచ్ఛా అంటూ అందరూ తలలూపారు. అంకుల్ చోటు పోయింది.

అంకుల్‌తో ఇంటికి నడుస్తూ నేను ఏడ్చాను. ఎందుకు పట్టుకున్నారని ఆయన్నే నిలదీశాను.

"యుద్ధంలో స్ట్రెచర్ మోశానే పిల్లా. మీదున్నోడు నన్ను బూతులు తిట్టినా సగం దారిలో దించలా. చేతులకి అదే అలవాటైపోయింది, ఏం చెయ్యను?"

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. మేనల్లుడు ఎండాకాలం వచ్చేదాకా కూడా నిలవలేదు. అతనికి ఒక్క శ్రుతిలోనే వాయించడం వచ్చు, మేనమామ ఆ ఛాయలకే రారు. చివరికి కొట్టుకు కబురొచ్చింది, అదీ ఎవరో పిల్లవాడి చేత. అంకుల్ కొట్టు కట్టేసి వెళ్ళి మళ్ళీ పియానో ముందు కూర్చున్నారు. కార్యదర్శిగారు పోయేదాకా ఆయన గొంతు వెంటే వాయించారు, ఆ తర్వాత కూడా వేళ్ళు వంగినంత కాలం వాయించారు.

తొంభై దాటి, పోయిన చలికాలంలో అంకుల్ కన్నుమూశారు. సంస్మరణ సభలో పెద్ద ఫ్లెక్సీ కట్టి, కార్యదర్శిగారి కొడుకు మైకు పట్టుకున్నాడు. అంకుల్‌కు సంగీతంలో దారి చూపింది తన తండ్రేనని మొదలుపెట్టాడు. తగిన కొడుకే. లేచి నాలుగు మాటలతో దులిపేద్దామని చీర కొంగు సర్దుకున్నాను. ఇంతలో అతను తడబడ్డాడు. అంకుల్ ఎక్కడ పుట్టారో, సైన్యంలో ఏం చేశారో, ఏమీ తెలియదు పాపం. కాగితం లేదు, మాట లేదు. హాలంతా గుసగుసలు మొదలయ్యాయి. అతని మొహం పాలిపోయింది.

"గుంటూరు దగ్గర పల్లె బాబూ," అని నా నోరే అందించింది. "సైన్యంలో గాయపడ్డవాళ్ళను మోసేవారు. చెప్పు."

అతను చెప్పాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు, నావైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆ కుటుంబమంటే నాకు ఈ రోజుకీ గిట్టదు, గిట్టించుకునే ఉద్దేశమూ లేదు. కాని, ఎంత అల్పుడైనా సరే, మనిషి మధ్యలో ఆగిపోతే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. ఈ చేతకానితనం నాకు మందుల అంకుల్ దగ్గర అంటుకుంది. ఇక ఈ వయసులో వదలదు.