స్పసీబా అనకూడని మొక్క

రిమ్మా సవేల్యెవ్నా నోట ఆ మాట ఆగదు. కోత్లాస్ నుంచి ఉత్తరాదికి పోయే రైళ్లలో ఒక పెట్టెలోని ప్రయాణికుల్ని చూసుకునే ఉద్యోగంలో ఆమె వయసంతా గడిచిపోయింది. టికెట్టు చూపినవాడికి స్పసీబా, అంటే థాంక్స్, టీ గ్లాసు తిరిగిచ్చినవాడికి స్పసీబా, దిగేముందు దుప్పటి మడతపెట్టిన సైనికుడికి రెండు స్పసీబాలు. కృతజ్ఞత ఆమెకు ఒక భావం కాదు, దగ్గు లాంటిది. మన ఇళ్లలో అన్నం వడ్డించిన అమ్మకు ఎవరైనా థాంక్స్ చెబితే, జ్వరమేమోనని నుదురు పట్టుకు చూస్తారు. అక్కడ అలా కాదు. అంగట్లో, బస్సులో, భోజనాల బల్ల దగ్గర ఆ మాట ధారాళంగా చెల్లుతుంది. ఒక్కచోట మాత్రం నిషేధం. నారు ఇచ్చినవాళ్లకు స్పసీబా చెప్పకూడదు. చెబితే మొక్క నాటుకోదు. మొహం పక్కకు తిప్పుకుని, దొంగసొత్తు పట్టుకుపోతున్నట్టు పోవాలి.

ఉద్యోగం అయిపోయాక రిమ్మాకు ఊరి బయట తోటల సంఘంలో ఒక ముక్క నేల దొరికింది. ఒక చెక్క గది, కొన్ని మళ్లు. ఆ గది కిటికీలోంచి చూస్తే చెట్టు ఉన్నచోటే ఉంటుంది. ఈ సంగతికి ఆమె చాలారోజులు ఆశ్చర్యపోయింది.

ఆ సీమలో వేసవి అంటే పని మీద వచ్చిన బంధువు. ఆలస్యంగా వస్తుంది, చెప్పులు విప్పకముందే తిరుగు బస్సు ఎప్పుడని అడుగుతుంది. సొరకాయ జాతి జుకినీ గింజ నేరుగా నేలలో వేస్తే కాయ చేతికొచ్చేలోపే మంచు పడుతుంది. అందుకని వసంతంలోనే ఇంట్లో కిటికీ గట్టు మీద, పెరుగు డబ్బాల్లో నారు పోసి, జూన్‌లో పేడ ఎరువుతో వేడెక్కిన మడిలోకి మార్చాలి. ఊళ్లో రిమ్మా ఇంటి కిటికీకి ఎదురుగా గోడ. ఆమె నారు వెలుతురు కోసం మెడ సాచి సాచి, దారప్పోగులా వాలిపోయేది. ఇక పక్కతోట గ్లఫీరా తిమొఫేయెవ్నాయే దిక్కు.

గ్లఫీరా పాల డెయిరీలో పనిచేసి వచ్చిన మనిషి. నారు పోయడంలో చెయ్యి మంచిది, నోరే అంత మంచిది కాదు. మొదటి వేసవిలో మొక్కలు చేతిలో పెట్టగానే రిమ్మా అలవాటుగా స్పసీబా అనేసింది. మొక్కలు చచ్చాయి. రెండో వేసవిలో పెదవులు బిగబట్టి, గేటు దాకా వెళ్లి, అక్కడ అనేసింది. అవీ చచ్చాయి. సంఘం పెద్ద యెఫీమ్ కొంద్రాత్యెవిచ్ వచ్చి, వరసగా మూడో ఏడు కూడా మడి ఖాళీగా ఉంటే స్థలం ఇంకొకరికి ఇవ్వక తప్పదని చెప్పి వెళ్లాడు. ఆ చెట్టూ, ఆ కిటికీ పోతాయని రిమ్మాకు అన్నం సహించలేదు.

మూడో వేసవిలో గ్లఫీరా కంచె దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఈసారైనా నోరు మూసుకుంటావా సవేల్యెవ్నా, లేక మళ్లీ నా పిల్లల్ని చంపుతావా?"

"మూసుకుంటానమ్మా తిమొఫేయెవ్నా."

"నీ మూత నాకు తెలీదా! ఇదిగో, ముందు ఈ రొట్టె కుక్కుకో."

రిమ్మా నల్ల రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది.

"ఇంకా. బుగ్గలు ఉబ్బాలి. ఆఁ, ఇప్పుడు పట్టుకో. మింగకు, గేటు దాటాక మింగు!"

"మ్మ్," అంది రిమ్మా. అందులో మర్యాద ఎంత ఉందో మొక్కకు తెలిసే వీల్లేదు.

పోయిన రెండేళ్లలో జరిగిన అసలు సంగతి వేరు. మాట జారిన క్షణమే ఆ మొక్కలు పోయినట్టేనని రిమ్మా తీర్మానించుకుంది. పోయినదానికి నీళ్లెవరు పోస్తారు, దుప్పటెవరు కప్పుతారు? ఈసారి అలా అనుకోవడానికి సాకు లేదు. రోజూ పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, ప్రయాణికుల్ని పలకరించినట్టు, "చలేస్తోందా? గాలి తగులుతోందా?" అని ఒక్కో మొక్కనీ అడిగేది.

చెర్యోముఖా చెట్లు తెల్లగా పూసినప్పుడు పోయిన చలి తిరిగొస్తుంది. ఆ ఏడు బాగా ఆలస్యంగా, మొక్కలు మడిలోకి మారాక పూశాయి. అవి విచ్చిన సాయంత్రం రిమ్మా రైల్వేవాళ్లు పారేసిన పాత దుప్పట్లు తెచ్చి, మొక్కలు నలగకుండా కర్రలు గుచ్చి కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టింది.

"తిమొఫేయెవ్నా, నువ్వు కప్పవా?"

"నా మొక్కలకెవరూ స్పసీబా చెప్పలేదే. వాటికేం భయం?"

తెల్లారేసరికి గ్లఫీరా మడిలో ఆకులన్నీ ఉడికిన బచ్చలికూరలా నల్లగా వేలాడుతున్నాయి. కంచెకివతల రిమ్మా దుప్పటి ఎత్తితే, లోపల మొక్కలు నిద్రమొహాలతో, పచ్చగా ఉన్నాయి.

గ్లఫీరా వంగి ఒక్కో ఆకునూ తిప్పి చూసింది. తర్వాత విచారణ మొదలుపెట్టింది.

"మా కోడలి పనే. మొన్న టీ ఇస్తే స్పసీబా అంది. సరిగ్గా మడి పక్కన నిలబడి!"

"టీకి కదమ్మా అంది?"

"మొక్కకు మాట వినబడుతుంది. దేనికన్నారో దానికేం తెలుసు?"

రిమ్మా దుప్పట్లు మడతపెట్టసాగింది.

ఆగస్టులో యెఫీమ్ కొంద్రాత్యెవిచ్ తనిఖీకి వచ్చాడు. రిమ్మా అప్పటికే మూడుసార్లు మడి ఊడ్చి ఉంది. మడిని ఊడ్చే మనిషిని ఆయన అదివరకు చూడలేదు.

"ఏదీ, చూపించు."

ఆమె వెడల్పాటి ఆకు ఎత్తింది. కింద కుక్కపిల్లంత జుకినీ పడుకుని ఉంది. ఆయన వంగి, వేలితో కొట్టి చూశాడు.

"కాయే. ఒప్పుకున్నాం. ఉంచుకో నీ స్థలం, ఇక ఎవడూ అడగడు."

రిమ్మా ఆ కాయను కోసి, రెండు చేతులతో పట్టుకుని ఎదురుగా చాపింది. ఆయన గభాల్న చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"వద్దు తల్లీ! మా స్నానాల తొట్టి నిండా అవే. నిన్న కారు తాళం వేయడం మరిచిపోయాను, వెనక సీటు మీద ఎవడో ఇంకో సంచెడు పడేసి పోయాడు. చూపిస్తే చాలు, ఇవ్వక్కర్లేదు!" అంటూ వెనక్కి చూడకుండా నడిచిపోయాడు.

కాయ ఆమె చేతుల్లోనే ఉండిపోయింది. కంచె మీద గ్లఫీరా మోచేతులు కనిపించాయి. ఆ ఆగస్టులో సంఘం మొత్తంలో జుకినీ కావలసిన మనిషి ఆవిడొక్కతే.

"అది నా నారు. అంటే నాకు మనవడి వరస. ఇటివ్వు."

రిమ్మా ఇచ్చింది. గ్లఫీరా కాయ బరువు చూసి, గోరుతో తొక్క గిల్లి, తప్పు పట్టడానికి ఏమీ దొరక్క కాసేపు ఇబ్బంది పడింది.

"ఇంత ముదరనిస్తారా ఎవరైనా? ఆ పక్కది లేతగా ఉంది, అదీ కొయ్యి."

రిమ్మా తన నేల మీద మోకాళ్లూనింది. నూగు గుచ్చుకునే ఆకుల్ని పక్కకు తీసి, "ఏది?" అంది.