ఎర్రబడ్డ నీళ్ళ ఒడ్డున

మా అక్క కాలులో రాడ్డు ఉంది. రెండేళ్ళ కిందట మేడ్చల్ రోడ్డు మీద బండి మీంచి పడితే వేశారు. అప్పటినుంచి గౌడవెల్లిలో వాళ్ళింటికి వచ్చిపోయేవాళ్ళందరిదీ ఒకటే పాట: చేసింది చాలు, ఇంక కూర్చో. పొలం పనుల్లో పెరిగిన మనిషి, ఊరికే ఎలా కూర్చుంటుంది? ఒకరోజు ఫోన్‌లో అండమాన్ దీవుల వీడియో చూసింది. అడవిలో నడిచి వెళ్తే తప్ప కనిపించని ఒక జలపాతాన్ని నాకు చూపించి, "నా కాళ్ళతోని నడిచిపోయి గీ నీళ్ళ కింద నిలవడ్త" అంది.

ఇంట్లో మిగతావాళ్ళు నవ్వారు. నాకు మాత్రం రోషం వచ్చింది. మా అక్క నిలబడి తీరాల్సిందే అనుకున్నాను.

నేను జీడిమెట్లలో మందుబిళ్ళల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్ చూస్తాను. షిఫ్టు అయ్యేలోపు టార్గెట్ అందాలి, అంతే. అందకపోతే నాకు అన్నం సహించదు. ఈ ప్రయాణాన్నీ అలాగే పట్టుకున్నాను. ప్రతి ఆదివారం శామీర్‌పేట చెరువు కట్ట మీద ఇద్దరం నడిచేవాళ్ళం. మొదట్లో సగం దూరానికే అక్క మొహం చెమటతో తడిసిపోయేది. మూడో నెలకల్లా నేనే వెనకబడ్డాను. గాజులరామారంలో నేనుండే అపార్ట్‌మెంటుకు వచ్చినప్పుడల్లా అక్క నాలుగంతస్తులూ సంచిలో నీళ్ళ సీసాలు వేసుకుని ఎక్కి దిగేది. పుట్టి బుద్ధెరిగి చెప్పులు తప్ప వేసుకోని మనిషికి సూరారంలో గట్టి పట్టున్న బూట్లు కొన్నాను. అవి జారతాయో లేదో చూడాలని, అక్క బకెట్‌తో నీళ్ళు తెచ్చి పార్కింగు వాలు మీద గుమ్మరించి, దాని మీద పైకీ కిందికీ నడిచింది.

"ఏందమ్మా గిది, కడుగుతున్నవా తొక్కుతున్నవా?" అన్నాడు వాచ్‌మన్.

"పరీక్ష జేస్తున్న. నువ్వు జర పక్కకు జరుగు" అంది అక్క.

టికెట్ల దగ్గరే మాకు పేచీ వచ్చింది.

"ఒక్క దినం ఎక్కువ పెట్టరాదే. వాన పడ్తె ఎట్ల?" అంది.

"సెలవు ఎవరిస్తరు? నాలుగు దినాలు సాలు. వాన పడదు, నేను జూసిన" అన్నాను. ఏం చూశానో దేవుడికే తెలియాలి.

దీవిలో మాకు దారి చూపించడానికి కుదిరినాయన తెలుగువాడే. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట. పొద్దున్నే బయల్దేరుతూ, మధ్యాహ్నానికల్లా తిరిగి రాకపోతే మనుషుల్ని పంపమని మేం దిగిన ఇంట్లో చెప్పాడు. దారిలో మాకూ చెప్పాడు. "నేను అడుగేసిన చోటే అడుగెయ్యండమ్మా. నాచు పట్టిన రాయి జోలికి పోవద్దు. వాగు దాటేటప్పుడు సంచి నడుం బెల్టు విప్పెయ్యండి. పడితే సంచి పోవాలి గానీ మనిషి పోకూడదు."

మొదటి వాగు చీలమండల దాకానే ఉంది. నడుమన ఉన్న తెల్లటి బల్లపరుపు రాయి మీద నిలబడి అక్క ఫోటో తీయించుకుంది. అక్కణ్ణుంచి గంట నడిస్తే రెండో వాగు వచ్చింది. అవతల చెట్ల వెనక నుంచి జలపాతం హోరు వినిపిస్తోంది. నాకు ఒళ్ళంతా సంతోషం.

"ఇది దాటితే పావుగంటేనమ్మా" అని, దాటే చోటు చూడ్డానికి ఆయన కాస్త కిందికి వెళ్ళాడు.

అక్క మాత్రం ఒడ్డునే ఆగిపోయింది.

"ఏందక్కా, కాలు నొస్తాందా?"

"కాలు మంచిగనే ఉంది. నీళ్ళు జూడు."

మేం వచ్చినప్పుడు అడుగున గులకరాళ్ళు కనిపించాయి. ఇప్పుడు కనిపించడం లేదు. నీళ్ళు ఎర్రబడుతున్నాయి. ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. మా నెత్తి మీద మాత్రం ఎండ కాస్తోంది.

"పైన వాన కొట్టింది. మల్లుదాం" అంది అక్క.

నేను ఒంటికాలి మీద లేచాను. "పావుగంటంట అక్కా. గింత దూరమొచ్చి ఎనకకు పోవుడేంది? రేపే మన విమానం. నాకు మల్ల సెలవు దొరకది. నీ కాలు గూడ మల్ల గిట్ల నడుస్తదో లేదో."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అక్క మొహం చిన్నబోయింది. అయినా చెయ్యి చాచి నా సంచి పట్టీ గట్టిగా పట్టుకుంది. మా చిన్నప్పుడు పొలం నుంచి వస్తూ, వాగు నీళ్ళు ఎర్రబడితే బాపు మా ఇద్దరి రెక్కలూ అలాగే పట్టుకుని ఇవతలే కూర్చోబెట్టేవాడు. ఎంత ఆకలేసినా కదలనిచ్చేవాడు కాదు.

"నేను దాట. నిన్ను గూడ దాటనియ్య" అంది.

ఈలోగా ఆయన గబగబా వెనక్కి వచ్చాడు. "అక్కగారు చెప్పిందే నిజం. పదండమ్మా, ఆలస్యం వద్దు."

దారి పొడుగునా నేను మొహం మాడ్చుకుని నడిచాను. మొదటి వాగు దగ్గరికి వచ్చేసరికి ఆ తెల్లరాయి లేదు. అంటే ఉంది, నీళ్ళ కింద. ఆయన కర్రతో లోతు చూసుకుంటూ, వాగు వెడల్పుగా పారే చోటు వెతికాడు. అక్కడ మోకాలి కిందికే ఉన్నాయి నీళ్ళు. బెల్టులు విప్పి, ముగ్గురం చేతులు పెనవేసుకుని, అక్కను నడుమ పెట్టుకుని, పాదాలు ఎత్తకుండా జరుపుకుంటూ దాటాం. ఒడ్డు మీద మేజోళ్ళు పిండుకుంటుండగానే మేం దాటిన చోట ఓ దుంగ దొర్లుకుంటూ పోయింది. నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయి.

పోవడానికి పావుగంట, రావడానికి పావుగంట. అక్క నా మాట విని ఉంటే మేము అవతలే ఉండిపోయేవాళ్ళం, లేదా అసలు ఉండేవాళ్ళమే కాదు.

"నాదే తప్పు అక్కా. నువ్వు జెప్పినట్టు ఒక దినం ఎక్కువ పెట్టేదుండె. రేపు మల్ల వచ్చేటోళ్ళం" అన్నాను.

అక్క బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. తల ఎత్తలేదు. "నాకు మస్తు ఏడుపొస్తాంది. ఇంటికి పోయినంక ఏడుస్త. ముందుగాల నడువు" అంది.

గౌడవెల్లికి వచ్చాక నిజంగానే ఏడ్చింది, ఒక పూట. మర్నాడు బూట్లు కడిగి గోడ మీద ఆరబెట్టింది. ఆ వచ్చే ఆదివారం శామీర్‌పేట కట్ట మీద నాకంటే ముందే ఉంది.

నిన్న నేను సెలవు చీటీ రాశాను. ఈసారి ఐదు రోజులు అడిగి, అక్కకు ఫోన్‌లో చదివి వినిపించాను.

"ఇంకొకటి" అంది.

ఐదు కొట్టేసి ఆరు రాశాను.