ఒకే పేరుతో రెండు వైఫైలు

నరసరావుపేటలో చిన్న షాపు పెట్టుకుని ఆఫీసులకూ మిల్లులకూ వైఫై, కెమెరాలు బిగిస్తుంటాను. ఒక పత్తి సీజన్‌లో చిలకలూరిపేట దగ్గర, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. యజమాని మా నాన్నకు బాగా తెలిసిన మనిషి. ఆయన్ని నేను బాబాయ్ అనే పిలుస్తాను.

"కాటా కాడ కంప్యూటర్‌కి నెట్ వస్తంది అమ్మాయ్, లారీల తూకం చీటీ ప్రింట్ మాత్రం రాదు. ఒక్కోసారి వస్తది, ఒక్కోసారి రాదు. లారీలు రోడ్డు దాకా నిలబడతన్నయ్. పెద్ద యాంటెన్నా తెచ్చి రేకుల మీద బిగించు. చానా పెద్దది."

జబ్బేమిటో తెలియకుండా మందు వేయడం నాకిష్టం ఉండదు. ల్యాప్‌టాప్‌తో పాటు రెండు చిన్న యాంటెన్నాలు సంచిలో వేసుకుని వెళ్లాను. ఒకటి పుల్లలాంటిది. చుట్టూ ఉన్న వైఫైలన్నీ వింటుంది కానీ ఏది ఎటు నుంచి వస్తోందో చెప్పలేదు. రెండోది అరచేతికి కాస్త పెద్దదైన పలక. ఎటు తిప్పితే అటు వైపే ఎక్కువగా వింటుంది. రెండింటికీ వైరు పొట్టిదే ఉంచుతాను. పొడుగు వైరైతే సిగ్నల్ సగం దారిలోనే నీరసపడుతుంది.

కాటా గదిలో ముందు పుల్ల తగిలించాను. ల్యాప్‌టాప్ తెర మీద మిల్లు వైఫై పేరు రెండుసార్లు కనిపించింది. అది బాబాయ్ వాళ్ల నాన్నగారి పేరు. పేరొకటే, పరికరాల నంబర్లు వేరు.

"రెండు రౌటర్లు పెట్టారా బాబాయ్?"

"ఒకటే గదా. ఆఫీసులో ఉంది."

ప్రింటర్ కూడా ఆఫీసులోనే ఉంది. మధ్యలో పత్తి బేళ్లు గుట్టలుగా ఉన్నాయి. కాటా కంప్యూటర్ ఒక్కోసారి ఆ రౌటర్‌ని వదిలేసి, అదే పేరున్న రెండోదాన్ని పట్టుకుంటోంది. అప్పుడు నెట్ వస్తుంది, ఆఫీసు ప్రింటర్ మాత్రం అందదు. ఇక ఆ రెండోది ఎక్కడుందో తేల్చాలి.

బాబాయ్ అల్యూమినియం నిచ్చెన తెప్పించి షెడ్డుకు ఆనించబోయాడు. రేకుల అంచు పక్క నుంచే కరెంటు తీగలు వెళుతున్నాయి. పైగా కోటప్పకొండ వైపు మబ్బు కమ్మి ఉరుముతోంది.

"నిచ్చెన తీసెయ్యండి బాబాయ్. ఆ తీగల పక్కన, ఈ ఉరుముల్లో పైకెక్కే పని లేదు. నేల మీదే దొరుకుద్ది."

సిగ్నల్ రేకులకు తగిలి వెనక్కి మళ్లితే దిక్కు తప్పుగా చూపిస్తుంది కాబట్టి ఆవరణలో ఖాళీ చోటుకు వచ్చాను. పలక పట్టుకుని మెల్లగా చుట్టూ తిరిగాను. తర్వాత ఇంకోచోట నిలబడి మళ్లీ తిరిగాను. రెండు చోట్లా ఆ రెండోదాని సిగ్నల్ ప్రహరీ గోడ వైపే బలంగా ఉంది. ఆ రెండు దిక్కులూ కలిసేది గోడ అవతల, కాటాకు ఆనుకుని ఉన్న గది దగ్గర.

బాబాయ్ మొహం మారిపోయింది. అవతలిది ఆయన అన్నగారి మిల్లు. ఒకప్పుడు అంతా ఒకటే. తండ్రి పోయాక పంచుకుని మధ్యలో గోడ కట్టారు. మాటల్లేవు. పాత రౌటర్ అన్నవైపు పోయింది. అందరి ఫోన్లూ మార్చే పని తప్పుతుందని బాబాయ్ కొత్తదానికి పాత పేరూ పాత పాస్‌వర్డే పెట్టించాడు.

"అంటే మా కాటా ఇన్నాళ్లూ వాళ్ల వైఫై మీద నడిచిందా?" అన్నాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "వాళ్లు పత్తి ఏ రేటుకి కొంటన్నారో కనపడుద్దా అందులో?"

"సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తందో చూడటం వరకే నా పని బాబాయ్. వాళ్ల కంప్యూటర్లలోకి నేను పోను. మీరూ పోకూడదు. పాస్‌వర్డ్ ఇద్దరికీ ఒకటేనని ఆయనకీ చెప్పాలి."

"నేను పోను."

"నేను పోతా."

రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాను. అన్నగారు పత్తి కుప్ప పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎవరినో, ఎందుకొచ్చానో చెప్పాను. నా చేతిలో పలక చూసి "ఏందమ్మా అది?" అన్నారు. అదీ చెప్పాను. అంతా విని ఆయన ఫోన్ తీసి, తన రౌటర్‌ని పట్టుకున్న కంప్యూటర్ల పేర్లు చూపించారు. అందులో తమ్ముడి కాటా కంప్యూటర్ ఉంది.

"ఇదేగా? చానా రోజుల నుంచి చూస్తన్నా."

"మరి తీసెయ్యలేదేంటండీ?"

"తీసేస్తే వాడి కాటా ఆగిపోద్దేమోనని." ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. "పాస్‌వర్డ్ మార్చెయ్. ముందు వాడి పని చూసి, తర్వాత నాది మార్చు. లారీలు ఉంటయ్ గదా."

తిరిగొచ్చి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు బాబాయ్‌కి చెప్పాను. వైఫైకి కొత్త పేరేం పెట్టమంటారని అడిగితే, "నాన్న పేరు అటే ఉండనీ. మాదానికి మిల్లు పేరు పెట్టు," అన్నాడు.

పెద్ద యాంటెన్నా అవసరం పడలేదు. ఆఫీసు నుంచి వైరు లాగి, కాటా గది లోపలి గోడకు చిన్న వైఫై పెట్టె ఒకటి బిగించాను. మొదటి చీటీ ప్రింటై బయటికొచ్చేసరికి వాన మొదలైంది. ఆ వానలోనే అవతలికి వెళ్లి పాస్‌వర్డ్ మార్చి వచ్చాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు కెమెరాలు బిగించడానికి మళ్లీ వెళ్లాను. గోడకు చెరో పక్కన నిలబడి అన్నదమ్ములిద్దరూ అరుచుకుంటున్నారు.

"నీ కాలవ పూడిపోయి నా బేళ్లు తడిసినయ్!"

"పూడింది నీదిరా! వచ్చి చూసుకో!"

గుమాస్తా నా దగ్గరికొచ్చి నవ్వాడు. "ఈ మధ్య ఫోన్లు కూడా చేసుకుంటన్నారు మేడం, పోట్లాడుకోటానికి."

బాబాయ్ కాలవ చూడటానికని అవతలికి వెళ్లాడు. ఆయన వచ్చేదాకా ఆగితే పొద్దుపోయేలా ఉందని నేను పని మొదలుపెట్టాను.