ఆపా గీసిన నెలవంక

పొద్దున్నే మహబూబ్‌నగర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆపా కోడలు. "అత్తమ్మ పోయిందక్కా. రాత్రి మంచిగనే పండుకున్నది, తెల్లారి లేవలే. తక్లీఫ్ ఏం పడలే" అన్నది.

నిజం చెప్పాలంటే, ఆ మాట వినగానే నాకు ముందు గుండె మీది బరువు దిగినట్టయింది. ఏడుపు తర్వాత వచ్చింది. కొన్నేళ్లుగా ఆపాకు ఆయాసం. ఒక మాట పూర్తి చేయాలంటే మధ్యలో ఆగాల్సి వచ్చేది. రాత్రంతా దిండ్లు పేర్చుకుని కూర్చునే ఉండేది. అలాంటి మనిషి నిద్రలోనే వెళ్లిపోయిందని విని ఊపిరి పీల్చుకున్నాను. దీనికి ఆమె నన్ను తప్పుపట్టదని నాకు తెలుసు.

మాది రక్తసంబంధం కాదు. ఎనభైల్లో మహబూబ్‌నగర్‌లో, ఆరోగ్య ప్రచారానికి బొమ్మలు వేసే ఒక చిన్న ఆఫీసులో ఆమె పెద్ద ఆర్టిస్టు, నేను కొత్తగా చేరిన ఆర్టిస్టును. ప్యూను నుంచి పెద్దసారు దాకా అందరికీ ఆమె ఆపాయే, అంటే అక్క. మందు ఎట్లా వేసుకోవాలో, నీళ్లు ఎందుకు కాచుకోవాలో చదువు రానివాళ్లకు బొమ్మల్లో చెప్పడం మా పని. మోత్కూరులో ఉన్న మా నాయినకు అది పనిలాగే కనబడేది కాదు. "బొమ్మలేస్తే జీతమిస్తరా బిడ్డా? మంచిగ టీచర్ ట్రైనింగ్ చెయ్యరాదు" అని చాలాకాలం నస పెట్టాడు. నేనేమో హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీ చదివొచ్చి, వెలుగునీడలు దిద్దడంలో నన్ను మించినవాళ్లు లేరనుకుంటూ తిరిగేదాన్ని.

చేరిన వారంలోనే, సబ్బుతో చేతులు కడుక్కునే బొమ్మ ఒకటి వేసి చూపించాను. "మస్తుగుంది. నడువు, బస్టాండుకు పోదాం" అన్నది ఆపా. అక్కడ గంప ముందు పెట్టుకుని సీతాఫలాలు అమ్ముతున్న ఒకామె దగ్గర ఆగింది. బొమ్మ చేతికిచ్చే ముందు తన డబ్బీలోంచి పాన్ తీసి నోట్లో కుక్కుకుంది. నాకు ఎండు ఉసిరి ముక్క ఒకటి ఇచ్చి, "బుగ్గన పెట్టుకో. నోరు ఖాళీగుంటే చెప్పబుద్ధైతది" అన్నది.

ఆ పండ్లామె బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "పాపం, చేతులు గుంజుతున్నట్టున్నయి, పిసుక్కుంటాంది" అన్నది. నేను నోరు తెరవబోతే ఆపా చెయ్యి గిల్లింది. తిరిగొస్తూ దారి పొడుగునా గొణిగాను, ఆమెకు అన్ని నీళ్ల చుక్కలు కనబడలేదా అని. ఆపా తాపీగా పాన్ ఉమ్మేసి వచ్చి, "నువ్వు ప్రతి బొమ్మెంట వాళ్ల ఇంటికి పోయి చెప్తవా? పోతనంటే చెప్పు, సారును బస్సు కిరాయి అడుగుత" అన్నది.

ఆమె పద్ధతులన్నీ అలాగే ఉండేవి. బొమ్మను మొదట పాత పోస్టర్ల వెనకవైపే గీయాలి. "మంచి కాయితం మీద గీస్తే, తప్పున్నదంటే మనసొప్పది" అనేది. మా బొమ్మ అని ఎవరికీ చెప్పకూడదు. మన జిల్లాల్లో మొహమాటం ఎక్కువ, ఎదుటివాళ్లు గీశారని తెలిస్తే అర్థం కాకపోయినా బాగుందంటారు. అందుకని ఎవరి దగ్గర కూర్చున్నా, "ఎవరో గీసి పంపిండ్రమ్మా, మాకే సమజైతలేదు, జర నువ్వు చెప్పరాదు" అని మొదలుపెట్టేది. అయిదు పూటలా నమాజు చేసే మనిషి ఇంత చక్కగా అబద్ధమాడుతుందేమిటని ఏడిపిస్తే, "గంత మంచి బొమ్మ నాదని చెప్పుకునే సంబురం ఇడిసిపెడుతున్న గదా, అల్లా దానికీ దీనికీ సరిచేస్తడు" అనేది.

బొమ్మ ఎవరికైనా తప్పుగా అర్థమైతే నాకు తల కొట్టేసినట్టుండేది. ఆపా ముఖంలో మాత్రం నిమ్మళం కనిపించేది. "షుకర్, అల్లా దయ. తప్పు ఈడనే దొరికింది" అనేది, కాలిలో ముల్లు తీయించుకున్నట్టు. అది నాకు వంటబట్టడానికి చాలాకాలం పట్టింది.

తొంభైల్లో నేను ఆ ఆఫీసు వదిలి హైదరాబాద్‌లో ఒక కంప్యూటర్ల కంపెనీలో చేరాను. బిల్లులు కట్టించుకునే కౌంటర్ల కోసం తెర మీద ఏది ముందు రావాలి, ఏది ఎక్కడ ఉండాలి అని చూడటం నా పని. ఆ పనికి అప్పట్లో మా దగ్గర పేరు కూడా లేదు. సెలవులకు వెళ్లినప్పుడు ఆపా అడిగింది, "నీ కొలువు పేరేంది?"

"పేరేం లేదాపా. ప్రోగ్రామర్ల నడుమ ఓ కుర్చీ ఏసిండ్రు."

"పేరు లేకుంటే మానె. ఎవరి ఎనక కూసుంటున్నవు?"

నేనింకా ఎవరి వెనకా కూర్చోలేదు. సెలవు అయిపోగానే నల్లగొండలో ఒక కౌంటర్‌కు వెళ్లి, బుగ్గన ఉసిరి ముక్క పెట్టుకుని, గుమస్తా వెనక స్టూలు వేసుకున్నాను. అతను తెర వైపు చూడనే లేదు. చూపంతా వరసలో నిలబడ్డ మనుషుల మీద, వేళ్లు మీటల మీద. నేను కూర్చుని కూర్చుని దిద్దిన రంగులు అతనికి అక్కర్లేదు, వేళ్లు తడుముకోకుండా ఉంటే చాలు. సాయంత్రం బస్సెక్కి కూర్చున్నాక నాలో నేను షుకర్ అనుకున్నాను. నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు మా దగ్గర కొత్తగా చేరేవాళ్లకు కూడా ఉసిరి ముక్కలు పంచుతుంటాను. మర్యాద చేస్తున్నాననుకుంటారు.

కానీ షుకర్ అనే ఆ మాటను ఆపా ఎక్కడి నుంచి తెస్తుందో నేను చూసింది అంతకు చాలా ముందు, అచ్చంపేట దగ్గర ఒక చిన్న దవాఖానలో.

క్షయ రోగులకిచ్చే గోలీల కోసం బొమ్మల కవర్లు తయారుచేస్తున్న రోజులవి. పొద్దున గోలీల పక్కన సూర్యుడు, రాత్రి గోలీ పక్కన నెలవంక. ఆ నెలవంక ఆపా గీసిందే. ఎన్నో ఏళ్లుగా ప్రతి పోస్టర్‌లోనూ రాత్రి అంటే అదే నెలవంక గీస్తూ వచ్చింది, ఎవరూ తప్పనలేదు. జిల్లా అంతటికీ అచ్చు వేయించే ముందు, కొన్ని కవర్లు చేత్తో చేసి ఆ దవాఖానలో ఇప్పించింది. వానాకాలం నడుమ, ఎట్లా వాడుతున్నారో చూద్దామని ఇద్దరం వెళ్లాం.

అక్కడ అడవి అంచున పెంట అని పిలిచే చిన్న గూడెం నుంచి వచ్చిన ఒక అవ్వను డాక్టర్ కోప్పడుతున్నాడు. జబ్బు తగ్గకపోగా ముదిరింది. మనిషి బాగా చిక్కిపోయింది. ఒక మాటకు రెండు సార్లు దగ్గుతోంది. "గోలీలు ఇస్తే మిగిలిచ్చి తెస్తున్నది. గిట్లయితే పేరు తీసేస్త. ఆ మందు వేరేటోళ్లకన్న పనికొస్తది" అని మాతో అన్నాడు. పేరు తీసేస్తే ఆమె బతకదని ముగ్గురికీ తెలుసు.

ఆపా పాన్ నోట్లో పెట్టుకుని అవ్వ పక్కన నేల మీద కూర్చున్నది. కవర్ ఆమె చేతిలో పెట్టి, చెప్పమన్నట్టు తల ఊపింది.

"గిది పొద్దు. దీనికి రెండు గోలీలు, ఏసుకున్న. గిది నెలవంక. దీనికి ఒకటి" అన్నది అవ్వ. దగ్గు ఆగేదాకా ఆగి, మళ్లీ అన్నది, "నెలవంక కానరాలే బిడ్డా. ముసురు వట్టె. గుడిశె బయట కూసోని చూసి చూసి పండుకుంటున్న. ఎలిసిననాడు ఏసుకున్న."

నేను ఉండబట్టలేక, "ముసురుల పొద్దు కూడా కానరాదు గదా అవ్వా?" అన్నాను.

"తెల్లారింది ఎర్కైతది గదా. నెలవంక గట్ల కాదు. మల్ల నిండు చందమామ వచ్చె, అది బొమ్మల లెక్క లేదాయె. ఊకున్న."

ఆపా లేచి బయటకు పోయి పాన్ ఉమ్మేసి వచ్చింది. కళ్ల నిండా నీళ్లు. పెదవుల మీద మాత్రం నవ్వు. "షుకర్. ఇంక అచ్చు కాలే" అన్నది నాతో, చిన్న గొంతుతో. తర్వాత అవ్వ వైపు తిరిగి, అన్నేళ్లలో మొదటిసారి తన నియమం తానే తప్పింది. "అవ్వా, గా బొమ్మ గీసింది నేనే. తప్పు నాది, నీది కాదు."

డాక్టర్‌తో కూడా అదే అన్నది. "డాక్టర్ సాబ్, ఆమె మన బొమ్మను మనకంటె ఎక్కువ నమ్మింది. పేరు తియ్యకుండ్రి." ఆయన కవర్ వైపు చూసి, పేరు కొట్టేయకుండానే పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

రాత్రి పడుకునే ముందు ఏం చేస్తావని ఆపా అవ్వను అడిగింది. "బుడ్డి దీపం ఊదుత" అన్నది అవ్వ. ఆపా అక్కడే మందుల డబ్బా అట్ట మీద బుడ్డి దీపం గీసి, ఇంకో పాన్ నోట్లో పెట్టుకుని, ఎదురుచూసింది. అవ్వ దాన్ని వేలితో తడిమి, "రాత్రే గదా" అన్నది. జిల్లా అంతా ఆ దీపమే అచ్చయింది.

అవ్వ విషయంలో మాత్రం తప్పు ముందుగా దొరకలేదు, అప్పటికే ఆలస్యమైంది. ఆ తర్వాతి నెలలన్నీ ఆపా సెలవు రోజుల్లో అచ్చంపేట బస్సెక్కేది. అవ్వకు ఏమైనా అవుతుందేమోనని ఆపాకు భయం, ఆపాను చూసి నాకు భయం. ఆఫీసులో ఫోన్ మోగితే ఇద్దరం తలెత్తేవాళ్లం.

ఎండలు ముదిరాక ఒకరోజు, నేనూ ఆపా వెంట వెళ్లినప్పుడు, డాక్టర్ అవ్వ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూసి, "నయమైంది. ఇగ మందులొద్దు" అన్నాడు.

"దీపం గోలీ గూడా వద్దా?" అని అడిగింది అవ్వ.

"అది గూడ వద్దు." ఆపా గోడకు ఆనుకుని, కొంగుతో ముఖమంతా తుడుచుకున్నది.

ఈ ఉదయం ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నా కళ్ల ముందు ఆడుతున్నది ఆ తర్వాత జరిగింది. మేం బయటకు వచ్చేసరికి అవ్వ ఎక్కాల్సిన బస్సు కదిలిపోతోంది. అవ్వ చింతపండు మూట నెత్తిన పెట్టుకుని దాని వెంట పరుగు తీసింది. "ఏందిరో, ముసలిదాన్ని ఇడిసిపెట్టి ఏడికి పోతున్నవు, నీ బస్సుల బంగారమేమన్న ఉన్నదా, నీకు అవ్వ లేదా, నిన్నెవరు కన్నరు, ఆపుతవా ఆపవా" అని ఒక్క గుక్కలో కండక్టర్‌ను తిడుతూనే బస్సెక్కింది. ఎక్కాక కూడా ఆపలేదు, కిటికీలోంచి గొంతు వస్తూనే ఉంది. దుమ్ములో, ఎండలో, ఆపా కదలకుండా నిలబడి, మధ్యలో ఒక్క దగ్గు కూడా లేని ఆ తిట్లను బస్సు కనుమరుగయ్యేదాకా విన్నది.