లచ్చవ్వ కారం సీసా మీద ఎవరి అమ్మమ్మ?

2023 ఎండాకాలం. మహారాష్ట్రలోని బల్లార్‌పూర్ స్టేషన్ నుంచి బస్తీలోకి వచ్చే రోడ్డు మీద నా అచ్చు దుకాణం. ఒక కంప్యూటరు, ఒక కలర్ ప్రింటరు, లేబుళ్లు కత్తిరించే యంత్రం, గాలి కంటే చప్పుడు ఎక్కువ చేసే కూలరు. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలతో మొదలుపెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇంట్లో ఏదో ఒకటి చేసి ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లే. వాళ్లకు పేరు, లోగో, లేబుల్, ఇన్‌స్టాగ్రామ్ పేజీ అన్నీ కలిపి కుదిర్చిపెట్టడాన్ని మేం బ్రాండింగ్ అంటాం. ఈ పనిలో ‘అసలైన’ అనే మాటను ఎన్ని వేలసార్లు అచ్చువేశానో నాకే తెలియదు. ఆ మాట కనిపిస్తే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబుతాను.

మమత అనే అమ్మాయి మా కాలరీ క్వార్టర్ల కోడలు. కాలరీ అంటే బొగ్గు గని. ప్రైవేటు బడిలో ఆమె టీచరు ఉద్యోగం పోయి ఆరు నెలలైంది. భర్త కాంట్రాక్టు డ్రైవరు, పిలిస్తే పని, లేకపోతే లేదు. అందుకని అత్తగారు లచ్చవ్వ చేసే కారాన్ని ఆన్‌లైన్‌లో అమ్ముదామని నిశ్చయించుకుంది. ఆలోచన మంచిదే. లచ్చవ్వ కారం రుచి మా క్వార్టర్లలో తెలియని నాలుక లేదు.

ఆ కారం సంగతి కూడా చెప్పాలి. అవిసె గింజలు వేయించి, ఎండుమిరప, ఎల్లిగడ్డ, చింతపండు వేసి రోట్లో దంచుతారు. ఉప్పు మాత్రం మామూలు కంటే ఎక్కువ. గనిలోకి దిగినవాడికి చెమట ధారగా కారుతుంది, ఒంట్లో ఉప్పు పోతుంది. పైగా లోపలి ఉక్కకు కూరలు పులిసిపోతాయి, పొడి పాడవదు. అందుకే మగవాళ్ల డబ్బాల్లో రొట్టెలు, ఈ కారం వెళ్లేవి. మరాఠీలో షిఫ్టును పాళీ అంటారు. మా ఆడవాళ్లు దీన్ని పాళీ కారం అనేవారు. ఇంట్లోవాళ్లు తినడానికి ఉప్పు తగ్గించి వేరే దంచుకునేవారు.

మమత మొదట నా దగ్గరికి రాలేదు. నాగ్‌పూర్‌లో ఒకాయన బ్రాండ్ కన్సల్టెంటునని చెప్పుకుని ఆన్‌లైన్ క్లాసులు చెబుతాడు. ఈమె అందులో చేరింది. ఆయన తయారుచేసిన ఫైలు పట్టుకుని, లేబుల్ డిజైన్ చేసి అచ్చువేయడానికి నా దగ్గరికి వచ్చింది. అందులో ‘బ్రాండ్ స్టోరీ’ అని ఒక పేజీ. సరుకు వెనకున్న కథను కొనేవాళ్లకు చెప్పడం అన్నమాట. ఆ కథ ప్రకారం ఈ కారం గోదావరి ఒడ్డున వందేళ్ల కిందట పుట్టింది. ఒక అమ్మమ్మ చేతి మహిమ. పక్కన ఆ అమ్మమ్మ ఫొటో కూడా ఉంది. తెల్లటి జుట్టు, జరీ చీర, పళ్లన్నీ కనిపించే నవ్వు. అది స్టాక్ ఫొటో. అంటే ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టిన బొమ్మ, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు.

నాకు ఉండబట్టలేక ఆయనకు ఫోన్ చేశాను. “సార్, కారం చేసే మనిషి ఇక్కడే ఉంది. ఆమె ఫొటో తీసి పంపిస్తాను” అన్నాను.

ఆయన హిందీలో నింపాదిగా చెప్పాడు. “ఆమె ఫొటో నేను చూశాను. కూలి మనిషిలా ఉంది. తినే వస్తువు దగ్గర బొగ్గు మాట వస్తే ఎవరూ ముట్టుకోరు. కథలో ఎమోషన్ ఉండాలి. ఒక సీసాకి ఒకే ముఖం, ఒకే కథ ఉండాలి. లేకపోతే కస్టమరు గందరగోళపడతాడు.”

నేను ఆ కూలి మనుషుల మధ్యే పెరిగినవాణ్ని. అప్పుడే ఫోన్ పెట్టేయాల్సింది. పెట్టేయలేదు. పెద్ద ఊరి ఆయన, నాలుగు బ్రాండ్లు నిలబెట్టినవాడు, మనకేం తెలుసులే అనుకున్నాను. ఆ అనుకోవడం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

ప్రూఫ్ తీశాను. అచ్చుకు ముందు చూపించి ఒప్పించుకునే నమూనా అది. మమత అత్తగారిని కూడా దుకాణానికి తీసుకొచ్చింది. లచ్చవ్వకు చదువు రాదు. కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

“ఎవలు పిల్లా ఈమె?”

“ఎవరో మోడల్ అత్తమ్మా. గట్లనే పెడ్తరట” అంది మమత.

“మోడలా? ఏనాడన్న రోకలి వట్టిందా గీమె? ఆ గోళ్లు చూడు.”

నేను నవ్వాను. మమత లేబుల్ మీది కథ చదివి వినిపించింది.

“గోదారేంది మల్ల? నేను పుట్టింది సిర్పూర్ దిక్కు. గోదారి నేను పుష్కరాలల్లనే చూసిన.”

“గట్లుంటెనే కొంటరని సార్ చెప్పిండు అత్తమ్మా.”

“ఏమోనమ్మా. సదువుకున్నోళ్లు మీరు, మీకెర్క” అని లచ్చవ్వ కాగితం బల్ల మీద పెట్టి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. నేను వెయ్యి లేబుళ్లు అచ్చువేశాను.

రెండు నెలలు ఆర్డర్లు బాగానే వచ్చాయి. పుణె, నాగ్‌పూర్, హైదరాబాద్. లచ్చవ్వ పొద్దున్నే లేచి దంచేది, మమత సీసాలు కట్టి పోస్టు చేసేది. ఇంతలో ఎవరో కస్టమరు రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి పోస్ట్ చేశాడు. ఒకటి మా సీసా. రెండోది ఎక్కడో రాజస్థాన్ పేరుతో అమ్మే నిమ్మకాయ పచ్చడి సీసా. రెండింటి మీదా అదే జరీ చీర అమ్మమ్మ, అదే నవ్వు. ‘ఈ అమ్మమ్మకు ఎన్ని రాష్ట్రాల్లో వంటిళ్లున్నాయి?’ అని కింద రాశాడు. ఇక చూడండి. ఫ్యాక్టరీ సరుకు అన్నారు, మోసం అన్నారు, నకిలీ అన్నారు. రివ్యూల్లో ఒక్కో స్టార్ తప్ప ఇవ్వలేదు.

వాళ్లనేం అంటాను? సీసా మీద ఉన్నది అబద్ధమే. కానీ సీసా లోపల ఉన్నది ప్రతి చెంచా నిజం. మేం బయట వేసిన అబద్ధం లోపలి నిజాన్ని కూడా అబద్ధం చేసేసింది. ఈ అన్యాయం ఎవరితో చెప్పుకోవాలి?

మూడో రోజు లచ్చవ్వ ఒక్కతే నా దుకాణానికి వచ్చింది. మంచినీళ్లిస్తే తాగలేదు. ముందు రోజు బచత్ గట్ మీటింగుకు వెళ్లిందట. బచత్ గట్ అంటే మన డ్వాక్రా సంఘం లాంటిది.

“బిడ్డా, నిన్న గట్‌ల అందరి ముంగట అడిగిండ్రు నన్ను. ‘లచ్చవ్వా, నాగ్‌పూర్‌ల గోనెల కొద్ది కొనుక్కొచ్చి సీసలల్ల నింపుతున్నరట గదా’ అని. ముప్పై ఏండ్ల సంది నా చేతి కారం తిన్న నోర్లు బిడ్డా అవి. ఉత్తగ పెట్టినప్పుడు ఎవలన్న నకిలీ అన్నరా? ఎవలిదో మొకం మీరు అతికిచ్చిండ్రు. దొంగ నేనైన.”

మమత ఇంట్లో రెండు రోజులుగా అన్నం ముట్టలేదని కూడా ఆమే చెప్పింది. ఆన్‌లైన్ దుకాణం మూసేద్దామని ఏడుస్తోందట.

ఆమె ఎదురుగానే నాగ్‌పూర్ ఆయనకు ఫోన్ చేశాను. ఆయన కంగారేం పడలేదు. “చిన్న విషయం. ఇంకో అమ్మమ్మను పంపిస్తాను. ఈసారి ఎవరూ వాడని ఫొటో. ఒక ఇరవై మంచి రివ్యూలు కూడా రాయిద్దాం, పాతవి కిందికి పోతాయి” అన్నాడు.

“సార్, అమ్మమ్మ నా ముందే కూర్చుంది. ఆమెకు ఏం చెప్పమంటారో మీరే చెప్పండి” అన్నాను.

“భాయ్, బిజినెస్‌లో ఎమోషన్ పెట్టకండి” అన్నాడు.

కథలో ఎమోషన్ ఉండాలని రెండు నెలల కిందట నాకు పాఠం చెప్పిన నోరే అది. నేనూ గట్టిగానే నాలుగు మాటలు అన్నాను, అవి ఇక్కడ రాయలేను. లచ్చవ్వ మాత్రం “ఆయనను తిడ్తె ఏమొస్తది? అచ్చేసింది నువ్వే గదా” అంది. నిజమే. ఫొటో ఆయన ఇచ్చాడు, అతికించింది నేనే.

పాత లేబుళ్లు పీకేసి కొత్తవి ఉచితంగా చేసిస్తానని మాటిచ్చాను. మమతను ఒప్పించి, రెండు రోజులు లచ్చవ్వ వంటింట్లో కూర్చుని ఆమె దంచుతుంటే ఫొటోలు తీశాను. ఒక సీసాకి ఒకే ముఖం, ఒకే కథ ఉండాలన్న నాగ్‌పూర్ ఆయన మాట కూడా అప్పుడే ఆమెకు చెప్పాను. ఈసారి కథ నేనే రాశాను. గోదావరి తీసేసి బొగ్గు గని పెట్టాను. ‘గనిలోకి దిగే మనుషుల కోసం దంచిన కారం. ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు చూసుకుని తినండి’ అని రాశాను. ఆ కింద, ‘బల్లార్‌పూర్ క్వార్టర్లలో లచ్చవ్వ కనిపెట్టిన రుచి’ అని. నాగ్‌పూర్ ఆయనకు బుద్ధి చెప్పానని నాకు లోలోపల గర్వంగానే ఉంది. మమత కూడా సంబరపడింది.

లచ్చవ్వకు చదివి వినిపించాను. చివరి వరుస దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగు. నేను కనిపెట్టలే. శాంతాబాయి నేర్పింది నాకు. లగ్గమై వచ్చినప్పుడు నాకు అవిసెలు వేంచుడే రాకపోవు. పక్క క్వార్టర్ ఆమెది. అవిసెలతోని జవస్ చట్నీ అని వాళ్లింట్ల చేస్తుండె. ఆమె పేరు గూడ పెట్టు.”

“పెద్దమ్మా, ఒక సీసా మీద ఇద్దరి కథ ఉంటే కొనేవాళ్లు గందరగోళపడతరు” అన్నాను.

“నాగ్‌పూర్ ఆయన గూడ గిదే మాట అన్నడని చెప్పినవు గదా” అంది లచ్చవ్వ.

తల తీసేసినట్టయింది. ఆయన మాట ఆయన కంటే బాగా వంటబట్టింది నాకు.

ఆ ఆదివారం లచ్చవ్వ, మమత, నేను విసాపూర్ వెళ్లాం. శాంతాబాయి భర్త కూడా గనిలో చేసి రిటైరయ్యాడు, అక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఆమె మరాఠీ మనిషి. క్వార్టర్లలో మా వాళ్ల మధ్య ఉండి తెలుగు బాగా పట్టుబడింది. మమ్మల్ని చూసి గడప దిగలేదు.

“కాయ్ గ లచ్చూ, ఇప్పుడు యాదికొచ్చిన్నా?”

లచ్చవ్వకు అర్థం కాలేదు. శాంతాబాయే చెప్పింది. “నా బిడ్డ నాగ్‌పూర్‌ల ఆన్‌లైన్‌ల తెప్పిచ్చింది. నోట్ల ఏసుకోంగనే ‘ఆయీ, గిది నీ చట్నీ లెక్కనే ఉన్నది’ అని ఫోన్ చేసింది. కింద బల్లార్‌పూర్ అడ్రసు, లచ్చు ఇంటి పేరు. మీద సూస్తె గోదారి అట, ఎవతో ముసలామె అట. నేనెన్నడు పోయిన గోదారి ఒడ్డుకు అని మొదలు నవ్విన. ఎన్క ఏడుపొచ్చింది. లోకం సంగతి పోనీ, లచ్చు గూడ మరిసిందనుకున్న.”

లచ్చవ్వ మెట్టు మీదే కూర్చుండిపోయింది. “నాకు తెల్వకుంట అయింది శాంతక్కా” అని, వెంటనే తల అడ్డంగా ఊపింది. “లేదు. తెలిసే అయింది. కాగితం నాకు జూపిచ్చిండ్రు. వద్దనకుంట లేసిపోయిన.”

శాంతాబాయి కిందికి దిగి ఆమె పక్కన కూర్చుంది. తర్వాత నేను కొత్త వరుస చదివాను. ‘శాంతాబాయి నేర్పింది, లచ్చవ్వ చేస్తోంది.’

“ఖోటా మాట, అబద్ధం” అంది శాంతాబాయి. “నా చట్నీల ఎల్లిగడ్డ గంత పడది. చింతపండు అస్సలే ఉండది. గది లచ్చుది. సక్కగ రాయి.”

తాను కనిపెట్టనిదాన్ని తన పేరున రాయొద్దని ఒకామె, తనది కానిదాన్ని తీసెయ్యమని ఒకామె. అక్కడ రాసేవాణ్ని నేనే, మాట సరిగ్గా రాయనివాణ్నీ నేనే. చివరికి లేబుల్ మీద ఇలా పడింది: ‘అవిసెలు శాంతాబాయి నేర్పినవి. ఎల్లిగడ్డ, చింతపండు లచ్చవ్వ కలిపినవి. ఉప్పు గని కోసం.’ మెట్టు మీద కూర్చున్న ఇద్దరి ఫొటో. ఇద్దరిలో ఒక్కరూ సరిగ్గా నవ్వలేదు.

అమ్మకాలు అమాంతం పెరిగాయని చెప్పను. సగానికి పడిపోయి, ఏడాది మీద మెల్లగా లేచాయి. మమత ఇల్లు ఇప్పుడు దాని మీదే నడుస్తోంది. గట్‌లో లచ్చవ్వను మళ్లీ ఎవరూ ఆ మాట అడగలేదు. నాగ్‌పూర్ ఆయన మాత్రం మా కొత్త లేబుల్‌ను తన క్లాసులో చూపిస్తున్నాడట, ‘అసలైన బ్రాండ్‌కు ఉదాహరణ, నా విద్యార్థిని చేసింది’ అని. మమత చూపిస్తే నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను.

ఇప్పుడు ఎవరు లేబుల్ కోసం వచ్చినా మొదట రంగులు, లోగో అడగను. ఈ సీసా చూసి, మరి నేనేమయ్యాను అని బాధపడే మనిషి ఎక్కడైనా ఉన్నారా అని అడుగుతాను. చాలామంది వెంటనే లేరంటారు. మమతను అడిగి ఉంటే ఆమె కూడా లేరనేది. నన్నడిగినా అదే చెప్పేవాణ్ని. అందుకే ఆ జవాబు నమ్మి అచ్చువేయను. వంట చేసే మనిషిని తీసుకురమ్మంటాను.